విశాలాక్షిగారి మిగిలిన నిమిషాలు

1967 నవంబరులో రెండో గురువారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి, నేను యూనివర్సిటీ సైకాలజీ డిపార్టుమెంటు కిటికీలోంచి దూకి అటెండరు రాజలింగు మీద పడ్డాను. కింది అంతస్తు కాబట్టి ఇద్దరికీ పెద్దగా ఏమీ కాలేదు. ఒక క్రోటన్ కుండీ పగిలింది. రాజలింగు చేతిలో ఉన్న డబ్బా నీళ్ళు నా నెత్తిమీద పడ్డాయి. అతను లేచి, టోపీ దులుపుకుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సార్, దర్వాజ తెరిచే ఉన్నది గద?"

"అర్జెంటు పని పడ్డది రాజలింగూ," అన్నాను చొక్కా పిండుకుంటూ.

కిటికీలో ఒక తల కనిపించింది. నెరిసిన జుట్టు, గుండ్రటి కళ్ళద్దాలు. ఆ తలలో కోపమూ లేదు, ఆశ్చర్యమూ లేదు.

"నర్సయ్యగారూ, ఇంకా ముప్ఫై నిమిషాలున్నాయి."

తల మాయమైంది. వరండాలో గొడుగు చప్పుడు టక్కుటక్కుమంటూ చుట్టు తిరిగి మా దగ్గరికొచ్చింది. విశాలాక్షిగారు ఒక ఖాళీ కుండీని బోర్లించి, కొంగుతో తుడిచి, నా పక్కన కూర్చున్నారు. నేను పాంటుకంటిన మట్టి గీక్కుంటూ కూర్చున్నాను. రాజలింగు మిగతా మొక్కలకు నీళ్ళు పోసుకున్నాడు. సరిగ్గా నాలుగూ యాభైకి ఆవిడ వాచీ చూసుకుని లేచారు.

"వచ్చే గురువారం," అని వెళ్ళిపోయారు.

విశాలాక్షిగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. కూర్చోవడం. ఎక్కడ పడితే అక్కడ, ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన, పిలవకుండా పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చునేవారు. కాకినాడ వైపు మనిషి. బెంగుళూరులో మనసు వైద్యం చదివొచ్చారు. యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. కూర్చుని ఆలోచిస్తుండగానే ముహూర్తాలు దాటిపోయాయని ఆవిడే ఎవరితోనో అన్నారట. నేతచీర, మగవాళ్ళ వాచీ, ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. తార్నాక బస్టాపులో, ఇరానీ హోటల్లో, హాస్టలు మెస్సులో వంట చేసే పోచమ్మ పక్కన పీట వేసుకుని, లాలాగూడలో చెప్పులు కుట్టే సామేలు పక్కన గోనెసంచి పరుచుకుని, ఇలా ఆవిడ కూర్చోని చోటు లేదు. ఒకసారి క్రికెట్ మ్యాచి మధ్యలో అంపైరుకొక స్టూలు, తనకొక స్టూలు తెప్పించుకుని కూర్చున్నారని కూడా చెప్పుకునేవారు. అది నేను చూడలేదు. కానీ విన్న వెంటనే నమ్మాను.

పలకరిస్తే "ఊఁ" అనేవారు. వాతావరణం గురించి అడిగినా ఊఁ, ప్రభుత్వం గురించి అడిగినా ఊఁ. వచ్చిన పని చెప్పేవారు కాదు, చెప్పినా నమ్మేలా ఉండేది కాదు. పిచ్చివాళ్ళకి వైద్యం చేసి చేసి ఆవిడకీ కొంచెం అంటిందని క్యాంపస్ అంతా ఏకాభిప్రాయానికి వచ్చేసింది. మా యూనివర్సిటీలో అధ్యాపకులందరూ ఒప్పుకున్న విషయం నాకు తెలిసి అదొక్కటే.

ఇక నా సంగతి. అప్పుడు నేను కెమిస్ట్రీలో లెక్చరర్‌ని. చేరి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో నా విద్యార్థులు నా వీపును చూసినంత శ్రద్ధగా నా ముఖాన్ని చూడలేదు. చూడనిస్తే కదా! క్లాసులో అడుగుపెట్టగానే బ్లాక్ బోర్డు వైపు తిరిగేవాణ్ణి, గంట కొట్టాక పక్కనున్న తలుపులోంచి అటునుంచటే పోయేవాణ్ణి. ఎప్పుడన్నా వెనక్కి తిరగబోతే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది, మోకాళ్ళు నావి కానట్టు వణికేవి. పిల్లలు నన్ను రోడ్డుమీద ఎదురుగా చూస్తే గుర్తుపట్టేవారు కాదు. ముందు నడుస్తుంటే మాత్రం వెనకనుంచి నమస్కారాలు పెట్టేవారు.

ఒకరోజు బెంజీన్ గురించి నలభై నిమిషాలు మహా ఉత్సాహంగా చెప్పాను. క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నామీద నాకే గౌరవం పుట్టింది. అప్పుడు వెనకనుంచి మా డిపార్టుమెంటు హెడ్ సుందరరావుగారి గొంతు వినబడింది.

"ఎవరికయ్యా చెప్తున్నావు?"

"సెకండియర్ వాళ్ళకు సార్," అన్నాను బోర్డుకేసి చూస్తూనే.

"వాళ్ళు క్యాంటీన్లో ఉన్నారు. ఇంకాస్త గట్టిగా చెప్పు, వినబడుతుంది."

అరవైమంది చెప్పులు చేత పట్టుకుని పిల్లుల్లా జారుకున్నారట. సుందరరావుగారు నన్ను తన గదికి పిలిచి, నా ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ మార్చిలో తేలుతుందని, ఆ నెలలో బయటి నిపుణుడొకాయన వచ్చి నా క్లాసులో కూర్చుంటాడని చెప్పారు. "ఆయనకి నీ వీపు చూపిస్తే, మార్చి తర్వాత మేమూ అదే చూడాల్సి ఉంటుంది," అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. చమత్కారం వచ్చినప్పుడు ఆపుకోలేడు, అంతే.

మా ఊళ్ళో మా నాయన రెండెకరాలు దున్ని నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు. తార్నాకలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని నా భార్య సారలమ్మను కాపురానికి తెచ్చుకుని ఆరునెలలైంది. ఉద్యోగం పోతే ఏ ముఖంతో ఊరికి పోవాలి? ముఖం చూపించడమే కదా అసలు చేతకానిది! అందుకని ఒక గురువారం ఎవరూ చూడకుండా సైకాలజీ డిపార్టుమెంటు తలుపు తట్టాను. ఎవరూ చూడకుండా అన్నది ముఖ్యం. ఆ రోజుల్లో మనసు డాక్టరు దగ్గరికి పోయాడంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి బస్సెక్కినట్టే లెక్క. సుందరరావుగారికి తెలిసిందంటే మార్చిదాకా కూడా ఆగరని నా భయం.

గదిలో రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ కూజా, రెండు గ్లాసులు. ప్రతి గురువారం నాలుగు నుంచి నాలుగూ యాభై దాకా నా సమయం. మొదటి రెండు వారాలు చాలా బాగా గడిచాయి. బెంజీన్ గురించి మాట్లాడాను. మూడోవారం ఆవిడ ఒక ప్రశ్న వేశారు.

"ముందెప్పుడైనా పదిమందికేసి తిరిగి మాట్లాడారా?"

మాట్లాడాను. ఎనిమిదేళ్ళప్పుడు. మా ఊరి బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పంతులు నన్ను ముందు నిలబెట్టి పాఠం చదవమన్నాడు. కొడుకు చదువుతుంటే చూడాలని మా నాయన పొలం పని ఆపి, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను పుస్తకం తెరిచాను. రెండు వాక్యాలయ్యాయి. మూడో వాక్యంలో నిక్కరు తడిసింది. బడి బడంతా నవ్వింది.

"ఊఁ," అన్నారు విశాలాక్షిగారు.

"అప్పుడు మా నాయన..." అన్నాను. అని లేచి నిలబడ్డాను. "మేడం, లాబ్‌ల గ్యాస్ బంద్ చేసిన్నో లేదో. జర చూసొస్త."

"ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి."

నేను వెళ్ళిపోయాను. వెనకనే గొడుగు చప్పుడు. లాబ్‌లో కూర్చున్న ఇరవై రెండు నిమిషాలూ ఆవిడ నా పక్క స్టూలు మీద కూర్చుని పరీక్షనాళికలు లెక్కపెట్టారు.

ఆ తర్వాత ప్రతి గురువారం బండి అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. "అప్పుడు మా నాయన" అనేవాణ్ణి, లేచేవాణ్ణి. ఒకసారి బస్సు, ఒకసారి తలనొప్పి, ఒకసారి నాకు లేని చిన్నాన్నకు జబ్బు. నవంబరులో రెండో గురువారం సాకు దొరక్క, తలుపు ఆవిడ కుర్చీ వెనక ఉండటంతో కిటికీని ఆశ్రయించాను. ఆ సంగతి మీకు తెలుసు.

పోనీ ఆ గదిలో కూర్చోవడం వల్ల ఏమైనా మేలు జరుగుతోందా అంటే, వెనకటికంటే అధ్వాన్నం. అన్నం సయించడం లేదు. ఉత్తపుణ్యానికి కళ్ళలో నీళ్ళు. ఒకరోజు సారలమ్మ పచ్చిపులుసు బాగుందా అని అడిగితే ఏడ్చాను. పాపం, ఉప్పెక్కువైందనుకుని కుండెడు పారబోసింది. ఇక ఆగలేక విశాలాక్షిగారి మీద విరుచుకుపడ్డాను.

"మేడం, మీ దగ్గరికి రాకముందే నేను మంచిగున్న!"

"మంచిగా ఉంటే గోడకెందుకు పాఠం చెప్తున్నారు?"

"గోడ నవ్వది మేడం."

"ఊఁ," అన్నారావిడ. ఆ ఊఁలో ఏదో ఉంది. నాకు నచ్చలేదు. ఆ మరుసటి గురువారం నుంచి వెళ్ళడమే మానేశాను.

నేను మానేస్తే సరిపోతుందా? మొదటి గురువారం లాలాగూడలో బాలస్వామి సెలూన్‌కు పోయి కూర్చున్నాను. ఆడవాళ్ళు తొంగిచూడని చోటు ఏదని ఆలోచించి ఎంచుకున్నది. బాలస్వామి రెండు చెంపలకీ నురగ పట్టించాడు. అద్దంలో నల్లగొడుగు కనిపించింది.

"అమ్మా, ఇది మగోళ్ళ సెలూన్," అన్నాడు బాలస్వామి కత్తి గాల్లో ఆపి.

"తెలుసు నాయనా. కత్తెర సానబట్టించాలి," అని సంచీలోంచి ఒక కత్తెర తీసిచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నారావిడ. నావైపు చూడనైనా లేదు. కత్తెరకు సాన పట్టడం పది నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ లేవలేదు. పాత సినిమా పత్రిక తిరగేస్తూ నాలుగూ యాభై దాకా ఉన్నారు. ఆ రోజు బాలస్వామి భయానికో భక్తికో నాకు రెండుసార్లు గీశాడు.

రెండో గురువారం ఇంట్లోనే దాక్కున్నాను. నాలుగింటికి గేటు చప్పుడైంది. నేను స్నానాలగదిలోకి దూరి గొళ్ళెం పెట్టుకున్నాను. వరండాలో మాటలు వినబడుతున్నాయి.

"మీ ఇంటివైపు గదులేమైనా అద్దెకున్నాయేమోనని వచ్చానమ్మా."

"లేవు మేడం. జర కూసోండ్రి, మంచినీళ్ళిస్త," అంది సారలమ్మ.

అనకూడని మాట అంది. ఆవిణ్ణి కూర్చోమనడమా! యాభై నిమిషాలు నేను లోపల బోర్లించిన బకెట్ మీద, ఆవిడ బయట చాపమీద. నాలుగూ యాభైకి, "ఉంటానమ్మా. వచ్చే గురువారం కూడా ఒలవడానికి వస్తాను," అని స్నానాలగది తలుపుకు కూడా వినబడేంత గట్టిగా అన్నారు. బయటికొచ్చి చూస్తే సారలమ్మ చాటనిండా చిక్కుడుగింజలు పెట్టుకుని దిగ్భ్రమగా కూర్చుని ఉంది.

"ఏందయ్యా గంటసేపు తానం? ఎవలో మేడం వచ్చింది. ఒక్క ముచ్చట పెట్టలే. కిలో చిక్కుడుకాయ ఒలిచి పోయింది!"

"పిచ్చిది," అన్నాను.

"ఏమో. నేను మంచినీళ్ళిస్తే రెండు గిలాసలు తెమ్మన్నది. ఒకటి తాగింది. ఒకటి గట్లనే మూతపెట్టి పోయింది," అంది సారలమ్మ. "ఎవరికో మరి."

నేను ఆ నీళ్ళు తాగలేదు. పారబోయనూ లేదు.

జనవరిలో పడింది అసలు దెబ్బ. స్టాఫ్ రూములో పదిమంది టీ తాగుతున్నాం. మా కొండలరావుకు లోకంలో రహస్యమన్నది ఉండటం ఇష్టం ఉండదు. గ్లాసు కింద పెట్టి, సుందరరావుగారికి వినబడేలా అన్నాడు.

"ఏమోయ్ నర్సయ్యా, విశాలాక్షిగారు సెలూన్లో నీ పక్కన కూర్చున్నారటగా? మీ ఇంటిక్కూడా వచ్చారట! ఏంటి కథ, ఆవిడ కేసువా?"

నేను వెంటనే గోడవైపు తిరిగాను. అలవాటు కదా. సుందరరావుగారు పేపరు దించి కళ్ళజోడు పైనుంచి చూడటం, చూడకుండానే నాకు తెలిసింది. అయిపోయింది, సారలమ్మకు సామాను సర్దమని చెప్పాలి అనుకున్నాను.

"పక్కన కూర్చుంటే కేసేనా?" అన్నారు సుందరరావుగారు. గొంతులో ఉక్రోషం. "మొన్న సోమవారం బస్టాపులో నా పక్కన యాభై నిమిషాలు కూర్చుంది! నాలుగు బస్సులొదిలేశాను. మధ్యలో లేస్తే బాగుండదేమోనని. అయితే నేనూ కేసునేనా?"

కొండలరావు నాలిక్కరుచుకున్నాడు. "అబ్బే, మీ మాట కాదండీ..."

"నా పక్కన క్యాంటీన్లో కూర్చున్నారు," అన్నాడు ఫిజిక్స్ ఇన్నయ్య. "మా మామగారి పక్కన పార్కులో," అన్నాడు ఇంకొకాయన. "ఆ మాటకొస్తే మంగళవారం నా పక్కనా కూర్చున్నారు," అని చివరికి కొండలరావే ఒప్పుకున్నాడు. గదంతా పగలబడి నవ్వింది. కేసంటూ ఎవరైనా ఉంటే అది ఆవిడేనని తీర్మానం అయింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వుతుంటే బడిలో పిల్లల నవ్వు గుర్తొచ్చింది. టీ వదిలేసి బయటికొచ్చేశాను.

రాజలింగు వరండాలో కొత్త క్రోటన్‌కు మట్టి పోస్తున్నాడు.

"రాజలింగూ, మేడం అందరి పక్కన ఎందుకు కూసుంటది?"

అతను అటూ ఇటూ చూశాడు. "సార్, మీకు చెప్పిన్నని చెప్పకండ్రి. ఆమెకు మోకాలి నొప్పి. కూసుంటే లేవరాదు, లేస్తే నడవరాదు. ఎందుకమ్మా గిట్ల తిరుగుడు అని నేను గూడ అడిగిన. 'ఒక్కని పక్కనే కూసుంటే ఆని పేరు బయట పడ్తది రాజలింగూ, వందమంది పక్కన కూసుంటే నా పేరొక్కటే పడ్తది' అన్నది."

నేను చాలాసేపు ఆ క్రోటన్‌ని చూస్తూ నిలబడ్డాను.

"కుండీ కొత్తది సార్," అన్నాడు రాజలింగు, అనుమానంగా నాకూ కిటికీకీ మధ్య నిలబడుతూ.

ఆ గురువారం నాలుగింటికి పోయి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. నాలుగూ పదికి బడి, ఇన్‌స్పెక్టరు, నిక్కరు అయిపోయాయి. "అప్పుడు మా నాయన..." అన్నాను. కాళ్ళు వాటంతటవే లేచాయి. చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. నేనూ కుర్చీ కలిసి కొంచెం లేచి మళ్ళీ కూలబడ్డాం.

"అప్పుడు మా నాయన... వెనక్కి తిరిగి పోయిండు మేడం. నన్ను చూడలేక."

చెప్పేశాను. ఇరవై ఏళ్ళుగా మింగుతున్న ముద్ద. పైకప్పు కూలలేదు. ఏడుస్తున్నానని కొంతసేపటికి తెలిసింది. ఆవిడ రెండో గ్లాసులో నీళ్ళు పోసి నావైపు జరిపారు.

"ఇంకా పద్దెనిమిది నిమిషాలున్నాయి," అన్నారు. ఆ మాట అంత మెల్లగా అనడం అదే మొదటిసారి. "పోయి?"

"పోయి ఏముంది మేడం? పోయిండు."

"ఊఁ. మీరు ఇంటికెలా వెళ్ళారు?"

ఆ ప్రశ్న నన్ను నేనెప్పుడూ అడగలేదు. చిన్నప్పటి జ్ఞాపకం ఒకటి నాకు చాలా ఇష్టం. మా నాయన ఎర్ర కండువా లుంగీలా చుట్టుకుని, ఆయన భుజాలమీదెక్కి, పొలం గట్టుమీద ఊరేగుతూ ఇంటికి పోవడం. ఏదో పండగనాడని అనుకునేవాణ్ణి. పండగనాడు ఎనిమిదేళ్ళవాడు తండ్రి కండువా ఎందుకు కట్టుకుంటాడు? వాడి నిక్కరేమైంది?

ఆ రోజు మా నాయన వెనక్కి తిరిగి పోయింది బావి దగ్గరికి. కండువా తడుపుకుని వచ్చాడు. నన్ను తుడిచి, దాన్నే నడుముకు చుట్టి, ఇన్‌స్పెక్టరు ముందునుంచే ఎత్తుకుని నడిచాడు. నేనెప్పుడూ ఆయన వెనుదిరిగిన చోటే విశాలాక్షిగారి గదిలోంచి పారిపోయేవాణ్ణి. అందుకే ఆయన తిరిగి రావడం చూడలేదు.

దీంతో నేను మరునాడే క్లాసులో గర్జించానని అనుకునేరు. ఇంకా ఏడు గురువారాలు పట్టింది. మొదట బోర్డుకు పక్కగా నిలబడ్డాను. పిల్లలకు నా ఒక చెవి తెలిసింది. ఫిబ్రవరిలో ముక్కు తెలిసింది. మధ్యమధ్య మళ్ళీ గోడే గతయ్యేది, మళ్ళీ ఆ గదికి పోయి మేడంను తిట్టేవాణ్ణి. ఆవిడ ఊఁ అనేవారు. కిటికీ మాత్రం ముట్టుకోలేదు.

మార్చిలో నిపుణుడు వచ్చాడు. చివరి బెంచీలో సుందరరావుగారు, ఆయన పక్కన నిపుణుడు, నిపుణుడి పక్కన నల్లగొడుగు! పిల్లలు కిసుక్కుమన్నారు. నిపుణుడు ఎవరన్నట్టు చూశాడు. "ఆవిడంతే, ఎక్కడైనా కూర్చుంటారు. పట్టించుకోకండి," అన్న సుందరరావుగారి గుసగుస నాదాకా వినబడింది.

మోకాళ్ళు వణికాయి. వణకనిచ్చాను. అరవై ముఖాల కేసి తిరిగి బెంజీన్ చెప్పాను. నాలుక రెండుసార్లు అతుక్కుంది, రెండుసార్లూ ఆగి నీళ్ళు తాగాను. ఒకడు నవ్వాడు. నేనూ నవ్వాను. పాఠం ఐదు నిమిషాలు ముందే అయిపోయింది. ఒక కాలు తలుపువైపు పడింది కూడా. ఆవిడ వాచీకేసి చూసుకున్నారు.

"ఇంకా ఐదు నిమిషాలున్నాయి," అన్నాను పిల్లలతో. "అడగండి."

ఉద్యోగం ఖాయమైంది. సారలమ్మ చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు చేసింది. నేను ఏడవకుండా తిన్నాను. ఆ గురువారం ఆఖరుసారిగా విశాలాక్షిగారి దగ్గరికి పోయాను. కృతజ్ఞతలు చెప్పాను, ఊఁ అన్నారు. నాలుగూ నలభై మూడుకి లేచి తలుపుదాకా పోయాను కానీ, లోపల ఉన్న ఒక్క మాట మాత్రం నన్ను కదలనివ్వలేదు.

"మేడం, మమ్మల్ని కాపాడనీకి మీరు అందరి పక్కన కూసుంటున్నరు. క్యాంపస్ అంత మిమ్మల్ని పిచ్చిదంటున్నది. నేను గూడ నవ్విన. నాకు శానా బాధైతున్నది, మీరిట్ల చేసుడు ఏం బాగలేదు."

విశాలాక్షిగారు వాచీ చూసుకుని, నా కుర్చీ కొంచెం ముందుకు జరిపారు.

"ఆ బాధ గురించి మాట్లాడటానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి, కూర్చోండి."